యూస్కాన్ ఏమీ అనలేదంటే అంతా బాగున్నట్టు కాదు

డెబియన్ అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఆరేళ్లుగా మూడు ఆటల ప్యాకేజీలు (ఇన్‌స్టాల్ చేసుకునేలా కట్టిన మూటలు) చూసుకుంటున్నాను. వాటిని తయారుచేసేవాళ్ల సైట్లలో కొత్త వెర్షన్ వచ్చిందో లేదో కనిపెట్టి చెప్పే ప్రోగ్రామ్ యూస్కాన్. ఏ పేజీలో ఎలాంటి లింకు వెతకాలో దానికి చెప్పే వాచ్ ఫైల్ ఎలా రాయాలో మ్యాన్ పేజీలో (దాని వాడకం గైడులో) ఉంది, దాని జోలికి పోను. నా పేచీ అంతా ఒక్కదానితోనే: కొత్తది లేకపోతే ఇది నోరు విప్పదు.

మొదట్లో నాకు నచ్చింది కూడా అదే. కమాండ్ కొడితే కింద ఖాళీ ప్రాంప్ట్ వచ్చేది. ఈ వారానికి పని లేదన్నమాట.

2022 చివర్లో, నా మూడింటిలో నెట్‌వర్క్ మీద ఆడే ఆట ఒకటి వేరే సైట్‌కు మారింది. పాత డౌన్‌లోడ్ పేజీని మాత్రం టార్‌బాల్స్‌తో (సోర్స్ కోడ్ మూటలతో) సహా అలాగే వదిలేశారు. పేజీ మాయమై ఉంటే యూస్కాన్ గోల చేసేదే. వాచ్ ఫైల్‌లో నేను రాసిన ప్యాటర్న్‌కు ఒక్క లింకూ తగలకపోయినా హెచ్చరించేదే. ఇక్కడ పేజీ ఉంది, లింకులున్నాయి, వాటిలో అన్నిటికంటే పెద్ద నంబరు మా దగ్గరున్నదే. అబద్ధం చెప్పిందనడానికీ లేదు. నేనేమో వారం వారం ఆ ఖాళీ ప్రాంప్ట్ చూసి ల్యాప్‌టాప్ మూసేసేవాణ్ణి. ఆ ఆట నేను కంప్యూటర్‌తో తప్ప మనుషులతో ఆడను, అనుమానం వచ్చే దారే లేదు.

ఈలోపు ఫ్రీజ్ వచ్చింది, అంటే విడుదలకు ముందు కొత్త వెర్షన్లను ఆపేసే సమయం. 2023 జూన్‌లో డెబియన్ కొత్త ఎడిషన్ బుక్‌వార్మ్ ఆ పాత వెర్షన్‌తోనే విడుదలైంది. జులైలో ఒకాయన బగ్ రిపోర్ట్ పెట్టాడు: ఏ సర్వర్‌లోకీ రానివ్వడం లేదు, వెర్షన్ కలవలేదంటోంది, అని. అంతే, ఒక్క తిట్టు కూడా లేదు. తిట్టినా బాగుండేది. స్టేబుల్‌లోకి, అంటే విడుదలైపోయిన డెబియన్‌లోకి, కొత్త వెర్షన్‌ను మామూలుగా రానివ్వరు కదా. కొత్తవి మొదట చేరే అన్‌స్టేబుల్‌లో ఎక్కించి, తర్వాతి ఎడిషన్ తయారయ్యే టెస్టింగ్‌లోకి చేరాక, స్టేబుల్ వాడేవాళ్లు కావాలంటే కొత్త వెర్షన్లు తెచ్చుకునే బ్యాక్‌పోర్ట్స్‌లో పెట్టాను. బ్యాక్‌పోర్ట్స్ సంగతి తెలిసినవాళ్లు ఆడుకున్నారు. తెలియనివాళ్లకు 2025 ఆగస్టులో తర్వాతి ఎడిషన్ ట్రిక్సీ వచ్చేదాకా అది మెనూలో ఉత్త బొమ్మే.

యూస్కాన్‌ను పూర్తిగా తిట్టలేకపోవడానికీ ఒక కారణం ఉంది. నా ఇంకో ఆటలో కొన్ని పాటల లైసెన్స్ వ్యాపారానికి వాడొద్దంటుంది, కాబట్టి అవి డెబియన్‌లో స్వేచ్ఛగా వాడుకోగలవి మాత్రమే ఉండే మెయిన్ విభాగంలోకి రాకూడదు. కాపీరైట్ ఫైల్‌లో ఫైల్స్-ఎక్స్‌క్లూడెడ్ కింద ఆ ఫోల్డర్ పేరు రాస్తే, వాటిని తీసేసి టార్‌బాల్‌ను మళ్లీ కట్టి ఇస్తుంది. ఒక రిలీజ్‌లో ఆ ఫోల్డర్ పేరు మార్చేశారు. నేను గమనించలేదు. ఈ ప్యాటర్న్‌కు ఏ ఫైలూ తగల్లేదని యూస్కానే చెప్పింది. లేకపోతే ఆ పాటలు నేరుగా లోపలికి వెళ్లిపోయేవి. అక్కడ నోరు విప్పడం తెలిసినదానికి, 'ఈ పేజీలో ఏడాదిగా కొత్తదేమీ లేదు, ఒకసారి చూసుకో' అనడానికి ఏమొచ్చిందో!

అది దాని పని కాదంటారు. కావచ్చు. ముప్పై ప్యాకేజీలు చూసేవాళ్లకు ప్రతిదానికీ ఒక లైను వస్తే చిరాకే, వాళ్లకు ఈ మౌనమే హాయి. నావి మూడే కాబట్టి వెర్బోస్ (అన్నీ వివరంగా చెప్పే ఆప్షన్) పెట్టి నడుపుతున్నాను, ఏ పేజీ చూసిందో, ఏ నంబరు దొరికిందో కళ్లారా చదువుతున్నాను. ఆ నెట్‌వర్క్ ఆట విషయంలో అదీ చాలదనిపించి, నెలకోసారి ఏదో ఒక సర్వర్‌లోకి వెళ్లి చిత్తుగా ఓడి వస్తున్నాను.