ఉద్దానం కొబ్బరి తోటలో ఐదు వానకాలాలు పనిచేసిన గడ్డి కోత యంత్రం

2021 జూన్‌లో నేను కొన్న 52 సీసీ, టూ-స్ట్రోక్ పెట్రోలు బ్రష్ కట్టర్ మా తోటలో ఐదు వానకాలాలు పనిచేసింది. మాది శ్రీకాకుళం జిల్లా కవిటి మండలం. 2018 అక్టోబరు 11న తీరం దాటిన తిత్లీ తుపానుకు మా రెండెకరాలలో సగానికి పైగా కొబ్బరి చెట్లు నేలకూలాయి. నీడ పోయిన నేల మీద ఎండ నేరుగా పడి గరిక, తుంగ, వయ్యారిభామ మోకాలి ఎత్తున పెరగడం, కొత్తగా నాటిన మొక్కలు ఆ గడ్డిలో కనబడకుండా పోవడం చూశాకనే ఈ యంత్రం కొన్నాను. దీనికి బ్లేడు కూడా బిగించుకోవచ్చు గాని, నేను ఎక్కువగా వాడింది నైలాన్ తీగనే కనుక ఈ సమీక్ష దాని గురించే.

పనితనంలో నాకు లోటు కనబడలేదు. ఇద్దరు మనుషులు కొడవళ్లతో రెండు రోజులు కోసే వరుసల మధ్య గడ్డిని ఒక్కరే ఒక పూటలో కోయవచ్చు. అయితే ఇది గడ్డిని కోస్తుందే గాని చంపదు. తుంగ గడ్డలు భూమిలోనే ఉంటాయి కనుక వాన పడితే రెండు వారాలలో మళ్లీ లేస్తుంది. వయ్యారిభామను పూత రాకముందే కోయాలి, లేకపోతే విత్తనాలను తోటంతా మనమే చల్లినట్లవుతుంది. దాని పుప్పొడి పడనివారికి దురద, ఆయాసం వస్తాయి కనుక ముక్కుకు గుడ్డ కట్టుకోకుండా ఆ మొక్కల్లోకి దిగకూడదు.

ఇక గార్డు సంగతి, అంటే తిరిగే తీగకూ మనకూ మధ్య అడ్డుగా ఉండే రేకు సంగతి. రెండో ఏడు ఆగస్టులో తడిగడ్డి గార్డు కింద ముద్దలా పేరుకుని పని మాటిమాటికీ ఆగుతోందని దాన్ని విప్పి పక్కన పెట్టాను. మా తోటలో చాలాకాలంగా పనిచేస్తున్న పెద్దాయన అది చూసి, "బాబూ, ఆ రేకు తీసీసినారేటి?" అని అడిగారు. నేను వినలేదు. అరగంట గడవక ముందే గడ్డిలో పడి ఉన్న కొబ్బరి చిప్ప ముక్క ఎగిరి వచ్చి నా మోకాలి కింద దిగింది, నాలుగు కుట్లు పడ్డాయి. ఆ తీగ నిమిషానికి వేల చుట్లు తిరుగుతుంది కనుక చిన్న చిప్ప ముక్కకైనా రాయికైనా దాని దెబ్బతో వచ్చే వేగం ఎముకను తాకేంత ఉంటుంది. పైగా గార్డు అంచున ఉండే చిన్న కత్తి తీగను తగిన పొడవుకు కత్తిరిస్తూ ఉంటుంది. గార్డు లేకపోతే తీగ పొడవైపోయి ఇంజనుపై బరువు పడుతుంది, వేగం తగ్గి క్లచ్ జారుతూ కాలిపోతుంది. అంటే ఆ రోజు నేను నా కాలితోపాటు యంత్రాన్నీ దెబ్బతీసుకున్నాను. ఇప్పుడు గార్డు కింద గడ్డి చేరితే ఇంజను ఆపి, తీగ తిరిగే తల పూర్తిగా నిలిచాక, స్పార్క్ ప్లగ్గు తొడుగు ఊడదీసి కర్రతో గీకుతాను.

కోతకు ముందు వరుసలన్నీ ఒకసారి నడిచి చిప్పలు, రాళ్లు, ముఖ్యంగా పాత కంచె తీగ ముక్కలు ఏరివేస్తాను. చప్పుడు చేస్తూ కర్రతో తడుముతూ నడవడం వల్ల పాములు కూడా తొలగిపోతాయి. కంటికి అద్దాలు, వాటిపై జాలీ ముసుగు, చెవులకు మఫ్లు, కాళ్లకు మందపాటి బూట్లు లేకుండా ఇంజను స్టార్టు చేసే తాడు లాగను. కనీసం 15 మీటర్ల లోపు మనుషులను, పశువులను ఉండనివ్వను. ఇరవై నిమిషాలకొకసారి ఆగకపోతే చేతులకు తిమ్మిరి పడుతుంది, భుజం పట్టీ సరిగా బిగించుకుంటే కొంత నయం. నైలాన్ తీగ త్వరగా అరిగిపోతోందని కొందరు ఇనుప తీగ కడుతున్నారు. అది తెగితే తూటాలాంటిది. దయచేసి ఎవరూ ఆ పని చేయవద్దు.

కొబ్బరి రైతులు ప్రత్యేకంగా గమనించవలసిన విషయం ఒకటుంది. కొబ్బరి మొక్క కాండానికి తగిలిన గాయం మామిడి చెట్టుకు మానినట్లు మానదు. ఆ గాయం గుండా కాండం నుంచి బంక కారే తెగులు ప్రవేశిస్తుంది, లేత మొక్కల గాయాల వాసనకు ఎర్ర ముక్కు పురుగు వస్తుంది. జీడిమామిడి అంటు మొక్కకైతే నైలాన్ తీగ రెండు చుట్లు తాకితే చాలు, బెరడు చుట్టూ ఊడి మొక్క ఎండిపోతుంది. మొదటి ఏడాది నా మొక్కలు మూడు అలాగే పోయాయి. అందుకే ప్రతి మొక్క చుట్టూ రెండడుగుల మేర చేత్తోనే కలుపు తీయించి, ఎండిన కొబ్బరి మట్టలు పరిపిస్తున్నాను. ఆ గీత లోపలికి యంత్రం వెళ్లదు.

పెట్రోలులో ఆయిల్ కలిపే పాళ్లను దుకాణంలో ఎవరో చెప్పిన అంచనాకు వదలకూడదు. నా యంత్రపు పుస్తకంలో 25:1 అని ఉంది, అంటే లీటరు పెట్రోలుకు 40 మిల్లీలీటర్ల టూ-టీ (టూ-స్ట్రోక్ ఇంజనుల) ఆయిల్. కొన్ని యంత్రాలకు 50:1 చాలు కనుక ఎవరి పుస్తకం వారు చూసుకోవాలి. మూడో ఏడు అడిగి తీసుకెళ్లిన బంధువు ఒకరు ఆయిల్ కలపకుండా ఉత్త పెట్రోలు పోశారు. టూ-స్ట్రోక్ ఇంజనులో పిస్టనుకు నూనె అందేది ఆ పెట్రోలులోనే కనుక కాసేపటికే పిస్టను గీరుకుపోయి పట్టేసింది. సిలిండరు, పిస్టను మార్చడానికి రూ. 2,600 అయింది. వేడి ఇంజనులో పెట్రోలు పోయడం అంతకంటే ప్రమాదం, పది నిమిషాలు చల్లారనివ్వాలి.

మిగతా నిర్వహణ తేలిక. ఫిల్టరు స్పాంజిని ప్రతి రెండు రోజుల పనికి సబ్బునీటితో కడిగి ఆరబెడతాను. తల పైనున్న గేరుపెట్టెకు ఇరవై గంటల పనికోసారి గ్రీజు ఎక్కిస్తాను. ఎండాకాలంలో పెళుసుబారి ముక్కలయ్యే నైలాన్ తీగను రాత్రి నీళ్లలో నానవేస్తే మళ్లీ మెత్తబడి ఎక్కువసేపు ఆగుతుంది.

డిసెంబరు నుంచి మే వరకు యంత్రాన్ని వాడని కాలమే కార్బురేటర్‌కు గండం. ఇప్పటి పెట్రోలులో ఇథనాల్ ఉంటుంది, అది తేమను పీల్చుకుంటుంది, కార్బురేటర్‌లోని పలుచని పొరను (డయాఫ్రంను), రబ్బరు గొట్టాలను గట్టిపరుస్తుంది. 2023లో ట్యాంకు నిండా పెట్రోలుతోనే వదిలేసి, జూన్‌లో నలభైసార్లు తాడు లాగాక మెకానిక్ దగ్గరకు తీసుకెళ్లాను. ఆ తరువాతి ఏటి నుంచి ట్యాంకు ఖాళీ చేసి, ఇంజను దానంతటదే ఆగేవరకు నడిపి, ప్లగ్గు తీసి నాలుగు చుక్కల నూనె వేసి, తాడు నెమ్మదిగా రెండుసార్లు లాగి, గోనెసంచి కప్పి ఇంట్లో వేలాడదీస్తున్నాను. ఈ జూన్‌లో మూడో లాగుకే అందుకుంది.