మా ఊరి వాట్సాప్ గ్రూపు: తొమ్మిదేళ్లు అడ్మిన్‌గా చేశాక

మా ఊరు తణుకు దగ్గర, నేనుండేది హైదరాబాద్‌లో. 2016 దసరాకి వెళ్లినప్పుడు రామాలయం అరుగు మీద కూర్చుని ఈ గ్రూపు మొదలుపెట్టాను. జియో సిమ్ములు వచ్చిన కొత్త, అందరి చేతిలో ఉచితంగా డేటా, సంక్రాంతికల్లా 256 మంది నిండిపోయారు. అప్పట్లో గ్రూపుకి అదే హద్దు. అమెరికాలో ఉన్నవాళ్లు చేర్చమంటే ఊళ్లో ఎవరినో తీయాలి, అలా తీసినందుకు ఒక బాబాయి రెండు పండగలు నాతో మాట్లాడలేదు. 2022లో హద్దు 1024కి పెరిగాక ఆ గొడవ వదిలింది.

పనికొస్తుందా అంటే, 2023 డిసెంబరు ఒక్కటి చాలు. మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటడానికి రెండు రోజుల ముందు మావాళ్ల ధాన్యం ఇంకా రోడ్ల మీదే ఆరుతోంది. రాత్రి పదిన్నరకి ఒకాయన బరకాలు చాలట్లేదని వాయిస్ పెడితే పదకొండున్నరకల్లా ఆరు బరకాలు, ఒక ట్రాక్టరు వచ్చాయి. ఇదివరకైతే ఎవరింట్లో ఖాళీగా ఉన్నాయో కనుక్కునేసరికే తెల్లారేది. అందరి ధాన్యం దక్కిందనను, రంగు మారి అయినకాడికి అమ్ముకున్నవాళ్లూ ఉన్నారు.

పుకార్ల సంగతికొస్తే, 2018లో పార్థీ గ్యాంగ్ పిల్లల్ని ఎత్తుకుపోతోందని వచ్చిన మెసేజ్ మా గ్రూపులో పెట్టింది రిటైరైన మాస్టారు! మర్నాడు పాత సామాన్లు కొనేవాణ్ణి ఆపి గంటసేపు నిలబెట్టారు, పాపం ఏళ్లుగా వస్తున్న మనిషే. ఆ జులైలోనే మన దేశంలో ఫార్వర్డు ఒకసారికి ఐదు చాట్లకే అని కట్టడి పెట్టారు. మంచిదే, కానీ మావాళ్లకి ఓపికెక్కువ, ఐదేసి చొప్పున ఊరంతా పంచగలరు. ఎన్నికలప్పుడు మాత్రం అడ్మిన్లు తప్ప ఎవరూ రాయకుండా తాళం వేసేస్తాను, 2019లోనూ 2024లోనూ అదే చేశాను, తిట్లు తిన్నాను.

నాకు మింగుడుపడనిది మా అమ్మ సంగతి. ఆమెది బటన్ల ఫోను. ఒకప్పుడు ఆదివారం ఫోన్ చేస్తే ఎవరి గేదె ఈనింది, ఎవరి సంబంధం తప్పిపోయింది, అన్నీ ఆవిడే చెప్పేది. కిందటేడు కాలవ అవతల ఉండే ఆవిడ స్నేహితురాలు తెల్లవారుజామున పోయారు. ఐదింటికల్లా గ్రూపులో ఫోటో, దాని కింద ఎనభై దండాల బొమ్మలు. గ్రూపులో పెట్టాం కదా అని ఎవరూ ఇంటికి కబురు పంపలేదు. తొమ్మిదింటికి మాటల్లో నేనంటే గానీ అమ్మకి తెలీదు. వెళ్తే అక్కడ ఎవరో "ఇప్పుడా వదినా రావడం" అన్నారట.

ఆ తర్వాత ఒక రూలు పెట్టాను. చావు కబురు గ్రూపులో పెట్టినవాళ్లే గుడి మైకులో కూడా చెప్పించాలి, స్మార్ట్‌ఫోన్ లేని నలభై ఇళ్లున్నాయి మరి. రెండుసార్లు పాటించారు, మూడోసారి మర్చిపోయారు.

ఐదుకి మూడు నక్షత్రాలు. గ్రూపు తీసేయను, తీసేస్తే నాకూ ఊరు తెలీదు. అమ్మ ఇప్పుడు రోజూ సాయంత్రం మిస్డ్ కాల్ ఇస్తోంది. తిరిగి చేయగానే అడిగే మొదటి మాట, "ఏంట్రా, మనూళ్లో విశేషాలు?"