రెండు టార్చిలైట్లు, మూడు రాత్రులు: బొర్రా నుంచి లంబసింగి వరకు

మా మేనత్త కొడుకు ఏ వస్తువు కొన్నా పెట్టె మీదున్న అంకెల్లో అన్నిటికంటే పెద్దది చూసి కొంటాడు. బావ టార్చిలైటు మీద 6500 కెల్విన్ అని ఉంటుంది. నాది 3000. "అందులో సగం కూడా లేదు కదరా నీది" అని విశాఖ స్టేషన్లోనే మొదలుపెట్టాడు. ఆ అంకె వెలుగు బలానిది కాదు, రంగుది అని చెప్పినా వినలేదు. సరే, వెళ్లే దారిలో గుహలున్నాయి, చీకట్లో ఎక్కే కొండ ఉంది, పొగమంచు ఉంది, కరెంటు పోయే లాడ్జీలూ ఉండకపోవు. ఎవరిది పనికొస్తుందో అక్కడే తేలుతుందనుకుని నవంబరులో నాలుగు రోజులకు బయలుదేరాం.

ఈ కెల్విన్ లెక్క మనుషులను తికమక పెట్టడంలో వింత లేదు. కెల్విన్ అసలు వేడికి కొలత, ఎంత వేడికి ఏ రంగులో వెలుగుతుందో దాన్ని బట్టి వెలుగు రంగుకు ఆ అంకె ఇస్తారు. కొలిమిలో ఇనుము కొద్దిగా కాలితే ఎర్రబడుతుంది, ఇంకా కాలితే పసుపు తిరుగుతుంది, మరీ కాలితే తెల్లబడుతుంది. ఆ లెక్కన కెల్విన్‌లు ఎక్కువున్నదే వేడి వెలుగు. కంటికి మాత్రం అది చల్లగా, ట్యూబులైటులా ఉంటుంది. పాత ఫిలమెంటు బల్బు 2700 దగ్గర, మధ్యాహ్నపు ఎండ 5500 దగ్గర ఉంటాయి. మా అత్తయ్య నా టార్చిని పచ్చ లైటు అంటుంది. మా ఇళ్లలో పచ్చ అంటే పసుపే, ఆకు రంగు కాదు.

లోపలి సంగతి ఇది. తెల్లని ఎల్‌ఈడీలో నిజానికి ఉండేది నీలం వెలుగు. దాని మీద పసుపు పూత వేసి తెలుపు చేస్తారు. పూత పలుచనైతే నీలం ఎక్కువగా బయటికొచ్చి బావ టార్చిలా వెలుగుతుంది. పూత మందమైతే నాదానిలా ఉంటుంది, కానీ ఆ మందంలో కొంత వెలుగు కరిగిపోతుంది. ఒకే రకం బ్యాటరీ మీద నాది బావదానికంటే దాదాపు మూడో వంతు తక్కువ వెలుగిస్తుంది. వెలుగు కింద వస్తువుల రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో చెప్పే కొలత వేరే ఉంది, సి.ఆర్.ఐ. అంటారు. ఎండకు అది 100. నాది 90 పైన, బావది 70. ప్రయాణం మొదట్లో ఈ అంకెను నేనూ అంతగా పట్టించుకోలేదు.

కిరండూల్ రైలు పొద్దున్నే బయలుదేరుతుంది. అద్దాల పెట్టెలో సీటు దొరకలేదు, మామూలు పెట్టెలో కిటికీ దగ్గర కూర్చున్నాం. నిజం చెప్పాలంటే అదే మేలు. సొరంగం వచ్చినప్పుడల్లా పెట్టెలోని పిల్లలందరూ కలిసి వేసే కేకలు అద్దాల పెట్టెలో ఇంత బాగా వినిపించవేమో. బొర్రా గుహలు స్టేషన్లో దిగి గుహ దాకా కబుర్లాడుకుంటూ వెళ్లాం.

గుహలో రంగురంగుల దీపాలు పెట్టారు. ఎర్రది, ఆకుపచ్చది, నీలం. ఫోటోలకు బాగుంటాయి, పిల్లలకు నచ్చుతాయి. నాకు మాత్రం లక్షల ఏళ్లుగా చుక్క చుక్కగా పేరుకున్న సున్నపురాయిని పెళ్లిపందిరిలా అలంకరించినట్టు అనిపించింది. రాతి అసలు రంగేమిటో తెలియాలంటే ఆ దీపాల వెలుగు అందని మూల వెతుక్కుని మన టార్చి వేయాలి. బావ తన తెల్ల వెలుగు వేశాడు. పైనుంచి వేలాడుతున్న రాతి ఊడలు బూడిద రంగులో, సిమెంటు పోతలా కనిపించాయి. నేను నాది వేస్తే అదే రాయిలో తేనె రంగు, ఇటుక రంగు చారలు, మధ్యలో తడి మెరుపు బయటపడ్డాయి. "నీ లైటే పసుపు కదా, దేన్నైనా పసుపుగా చూపిస్తుంది" అన్నాడు బావ. అన్యాయమైన మాటేమీ కాదు. కానీ పసుపు ఒక్కటే అయితే చారలు విడివిడిగా కనిపించకూడదు కదా! గుహ కప్పు మాత్రం నా టార్చికి అందలేదు, బావది తేలిగ్గా అందుకుంది. అక్కడ గబ్బిలాలున్నాయని వెంటనే కిందికి దించాడు. ఎవరైనా అలాగే చేయాలి.

అరకులో మొదటి రాత్రి ఒక ప్రైవేటు లాడ్జిలో దిగాం. పేరు చెప్పను, ఆ యజమాని మర్యాదస్తుడు. గది శుభ్రమని ఫోనులో చెప్పాడు, చూడగానే శుభ్రంగానే ఉంది. ఏడింటికి కరెంటు పోయింది. జనరేటరు వరండా వరకే. నా టార్చిని కప్పు వైపు తిప్పి నిలబెడితే గదంతా పాతకాలపు ఇంటిలా నిండుగా వెలిగింది, బావ కూడా ఏమీ అనలేకపోయాడు. తరవాత ఏం తోచిందో, తన తెల్ల టార్చి పక్క మీద వేశాడు. నా వెలుగులో మల్లెపూవులా ఉన్న దుప్పటి మీద నాలుగు మరకలు తేలాయి. పసుపు వెలుగు తెలుపునూ లేత పసుపునూ కలిపేస్తుంది. పాత కూర మరక అందులో దాక్కుంటుంది. దుప్పటి మార్పించాం. అద్దె గదిలో అడుగుపెట్టగానే పక్కబట్టలు చూడడానికి తెల్లదే మంచిదని అప్పుడే ఒప్పుకున్నాను.

బావకు ఆ గెలుపు అరగంటే నిలిచింది. వరండాలో కూర్చుని బొంగులో చికెన్ తింటుంటే అతని దీపం చుట్టూ పురుగులు ముసిరాయి. పురుగులను ఎక్కువగా లాగేవి నీలం, అతినీలలోహిత కిరణాలు. దాన్ని ఆర్పి నాది పెట్టాక పూర్తిగా పోలేదు గానీ ప్లేటులో పడడం తగ్గింది. చికెన్ సంగతంటారా, రోడ్డు పక్క నిప్పుల మీద కాల్చి ఆకులో పోసిచ్చిన మొదటిది అద్భుతం. హోటల్లో తెప్పించిన రెండోది బొంగు వాసన తెలియని మామూలు వేపుడు.

మర్నాడు అరకులో గిరిజన మ్యూజియం చూసి, కాఫీ తాగి, సాయంత్రానికి పాడేరు చేరాం. మ్యూజియం మీద నాకు పెద్దగా చెప్పాలని లేదు, గంటలో చూసేయొచ్చు. పాడేరు లాడ్జి చిన్నది, గదిలో కుర్చీ కూడా లేదు. కానీ వేకువన మూడున్నరకు తలుపు తట్టి లేపి, వేడినీళ్ల బకెట్టు గడపలో పెట్టాడు అక్కడి కుర్రాడు. అరకు గదికి ఇచ్చిన దానిలో సగం అద్దెకు ఇంతకంటే ఏం కావాలి?

వంజంగి కొండ కింద జీపు దింపేసరికి నాలుగు దాటింది. మేఘాల సముద్రం మీద సూర్యోదయం చూడాలని అప్పటికే వందల మంది ఎక్కుతున్నారు. చాలామంది చేతుల్లో ఫోను లైట్లు. అవన్నీ తెల్లవే, అవన్నీ ఎదుటివాళ్ల కళ్లలోనే. కంటికి చీకటి బాగా అలవాటు కావడానికి ఇరవై నిమిషాలకు పైగా పడుతుంది. ఆ అలవాటు పోవడానికి ఒక్క ఫోను లైటు చాలు. పైకి ఎక్కేటప్పుడు టార్చిని అన్నిటికంటే తక్కువ వెలుగిచ్చే మెట్టులో పెట్టి పాదాల ముందు రెండడుగుల మేర వేసుకుంటే సరిపోతుంది. ఆ తక్కువ మెట్టులోనే రెండు రంగుల తేడా బాగా తెలుస్తుంది. మసక వెలుగులో నీలం కలిసిన తెలుపు వల్ల రాళ్లూ మట్టీ వేళ్లూ అన్నీ ఒకే పాలిపోయిన రంగులోకి వెళ్లిపోతాయి. నా వెలుగులో మట్టి ఎర్రగా, రాయి నల్లగా, ఎండుటాకు గోధుమ రంగులో వేటికవి తెలుస్తున్నాయి.

సగం దారిలో బావ జారాడు. మోకాలి కింద గీరుకుంది. తన టార్చి వేసి చూసుకుని, "ఏమీ లేదు, బురదే" అన్నాడు. ఆ వెలుగులో నాకూ బురదలాగే కనిపించింది, గోధుమ రంగులో. నాది వేశాను. బురద మధ్యలో రెండు అంగుళాల పొడవున చిక్కటి ఎరుపు. తక్కువ రకం తెల్ల ఎల్‌ఈడీల్లో ఎరుపు పాలు బాగా తక్కువ, నెత్తురు కూడా మట్టిలా కనిపిస్తుంది. నీళ్లతో కడిగి గుడ్డ చుట్టాం. దెబ్బ పెద్దది కాదు గానీ బావ ఆ తరవాత చాలాసేపు కెల్విన్‌ల గురించి మాట్లాడలేదు.

ఇక్కడ నా టార్చి తప్పు కూడా చెప్పాలి. తూర్పున నీలి వెలుతురు మొదలవగానే దాని రంగు మాసిపోయిన నారింజలా అయింది. ఆకాశం వెలుగుకు కన్ను సర్దుకునేసరికి పచ్చ లైటు వెగటుగా కనిపిస్తుంది. ఆ పావుగంటలో బావదే బాగుంది. ఆ తరవాత రెండూ ఆర్పేశాం. మేఘాలు కాళ్ల కింద పాల పొంగులా కదులుతుంటే టార్చిల గొడవ ఎవరికి గుర్తుంటుంది!

మూడో రాత్రి లంబసింగిలో గుడారం. గుడారాలవాళ్లు ఇచ్చే దుప్పటి ఒకటి చాలదు, రెండు అడగాలి. మరుగుదొడ్లు దూరంగా ఉన్నాయి, దారిలో దీపం లేదు. అలాంటి చోట తాడుతో మెడలో వేసుకునే చిన్న టార్చి ఉండాలి. రాత్రి లేచినప్పుడు పసుపు వెలుగు మెత్తగా ఉంటుంది, పక్క గుడారంవాళ్లు తిట్టుకోరు.

తెల్లవారుజామున చెరువులవేనం కొండ వైపు జీపులో వెళ్తుంటే పొగమంచు దారిని మూసేసింది. డ్రైవరు బండి ఆపి, ఎవరైనా దిగి రోడ్డు అంచు చూపించమన్నాడు. నా సమయం వచ్చిందనుకున్నాను. పొగమంచును పసుపు దీపం చీల్చుకుపోతుందని చిన్నప్పటి నుంచి విన్నాం కదా. ఫ్రాన్సులో 1993 దాకా కార్ల ముందు దీపాలు పసుపువే ఉండాలని చట్టం కూడా ఉండేది. టార్చిని ఛాతీ ఎత్తున పట్టుకుని వేశాను. ఎదురుగా పసుపు గోడ. బావ వేశాడు. తెల్ల గోడ. గోడలో తేడా లేదు, సున్నం రంగులోనే తేడా. డ్రైవరు లోపలి నుంచి, "మోకాలి కిందికి దించండి సార్, నేల మీద వేయండి" అన్నాడు. అలా చేయగానే రోడ్డు అంచు, గడ్డి, మైలురాయి అన్నీ కనిపించాయి.

తరవాత ఆలోచిస్తే కారణం తేలికే. మంచు తుంపరలు వెలుగు తరంగాలకంటే ఎన్నో రెట్లు పెద్దవి. వాటి ముందు నీలమూ పసుపూ ఒకటే, రెండింటినీ సమానంగా వెదజల్లుతాయి. మన కంటికీ దీపానికీ మధ్య దూరం పెరిగితే ఆ వెదజల్లిన వెలుగు నేరుగా కంట్లోకి రాదు. వాహనాల పొగమంచు దీపాలు బంపరు దగ్గర కిందికి ఉండేదీ అందుకే. పసుపు గోడ కంటికి కొంచెం తక్కువ గుచ్చుకుంటుందన్న మాట నిజమే, అంతకంటే లాభం లేదు.

ఇదే దారిలో మళ్లీ వెళ్తే అరకులో పడుకోను. బొర్రా చూసుకుని నేరుగా పాడేరు వెళ్లి రెండు రాత్రులు అక్కడే ఉంటాను. లంబసింగిలో గుడారం ఒక్క రాత్రికి సరదా, పిల్లలూ పెద్దవాళ్లూ ఉంటే నర్సీపట్నంలో గది తీసుకుని వేకువన కొండెక్కడం నయం. టార్చి ఒక్కటే కొనేవాళ్లు 4000, 4500 మధ్య చూసుకోండి, సి.ఆర్.ఐ. 90కి తగ్గకుండా. గుహ కప్పు, దుప్పటి మరక, గాయం, మూడింటికీ పనికొస్తుంది. పెట్టె మీద ఆ సి.ఆర్.ఐ. అంకె లేకపోతే అది తక్కువనే లెక్క వేసుకోవచ్చు. అసలు మెట్టు తగ్గించుకునే వీలు లేని టార్చి ఏ రంగుదైనా నేను కొనను. విమానంలో వచ్చేవాళ్లు విడి లిథియం బ్యాటరీలను చేతిసంచిలోనే పెట్టుకోవాలి, లగేజీలో వేయనివ్వరు.

బావ సంక్రాంతికి 4000 కెల్విన్‌ది కొన్నాడు. అంకె తగ్గిందని అడిగితే వెలుగు బలం చెప్పే ల్యూమెన్లు ఎక్కువని పెట్టె చూపించాడు. పాతది అత్తయ్య నీళ్ల ట్యాంకు పక్కన మేకుకు తగిలించింది, మట్టం చూడడానికి అదే బాగుందట.