బరంపురంలో మదర్‌బోర్డు కొంటున్నారా? స్క్రీన్ వెలిగేదాకా డబ్బు ఇవ్వకండి

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు నుంచి కంప్యూటర్ పార్టుల కోసం ఒడిశాలోని బరంపురం వెళ్లేవాళ్లు ఇది చదివి బయల్దేరండి. షాపు పేరు రాయడం లేదు.

మా మేనల్లుడికి ఇంటెల్ ఐ5-14400 ప్రాసెసరు, హెచ్610 మదర్‌బోర్డు తీసుకున్నాం. ఇంట్లో వాడే బిగించుకున్నాడు. స్విచ్ వేస్తే ఫ్యాన్ తిరుగుతోంది, స్క్రీన్ మీద ఏమీ రాదు. ఫోన్ చేస్తే "ర్యామ్ సరిగ్గా కూర్చోలేదు" అన్నాడు షాపాయన. తీసి పెట్టాం, స్లాట్ మార్చాం, అదే తంతు.

అసలు సంగతి బయాస్, అంటే కంప్యూటర్ ఆన్ చేయగానే ముందుగా నడిచే, బోర్డులోనే ఉండే సాఫ్ట్‌వేర్. హెచ్610 బోర్డులు వచ్చింది 2022 జనవరిలో, 14వ తరం ప్రాసెసర్లు (మాదీ ఆ తరమే) మొదలైంది 2023 అక్టోబరులో. రెండింటికీ సాకెట్ (బోర్డు మీద ప్రాసెసరు కూర్చునే చోటు) ఎల్‌జీఏ1700 కాబట్టి ప్రాసెసరు చక్కగా కూర్చుంటుంది, కానీ పాత బయాస్ దాన్ని గుర్తుపట్టదు. అప్‌డేట్ చేయాలంటే 12వ తరం ప్రాసెసరు ఒకటి ఉండాలి, లేదా బోర్డుకు ప్రాసెసరుతో పని లేకుండా బయాస్ ఎక్కించే ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉండాలి. చవక బోర్డుల్లో చాలావాటికి అది ఉండదు. షాపువాళ్లే చేసివ్వాల్సిన పని అది. ఇంటెల్‌కు పోటీ కంపెనీ ఏఎండీలోనూ ఇంతే: 2018 నాటి బీ450 బోర్డు పాత స్టాకైతే రైజెన్ 5000 ప్రాసెసరుతో ఆన్ కాదు.

బోర్డు వెనక్కి తీసుకెళ్తే లోపలి గదిలోకి పట్టుకెళ్లాడు. కాసేపటికి తెచ్చి, "పిన్నులు వంగాయి, ఫిజికల్ డ్యామేజ్, వారంటీ రాదు" అన్నాడు. టార్చి వేసి చూపించాడు కూడా. సాకెట్ మూలన రెండు మూడు పిన్నులు పక్కకు ఒరిగి ఉన్నాయి. ఆ ఉదయం సాకెట్ మీద ప్లాస్టిక్ మూత పెట్టేముందు మేం తీసిన ఫొటోలో అన్నీ తిన్నగానే ఉన్నాయి. అది చూపిస్తే "బస్సులో వంగి ఉంటాయి" అన్నాడు. మూత వేసి ఉన్న బోర్డుకి! అంతసేపూ తెలుగులోనే, "అన్నయ్యా" అంటూ ఎంత మర్యాదగా మాట్లాడాడో.

బిల్లు సంగతీ అంతే. చేతికిచ్చింది ఎస్టిమేట్ చీటీ. జీఎస్టీ బిల్లు అడిగితే "సాయంత్రం వాట్సాప్ చేస్తా" అన్నాడు, ఇప్పటికీ రాలేదు. సీరియల్ నంబరు లేని ఆ చీటీతో కంపెనీ సర్వీస్ సెంటర్‌కి వెళ్లి లాభం లేదు. పైగా ప్రాసెసరు డబ్బా లేని ట్రే పీసు. డబ్బాతో వచ్చేదానికి ఇంటెల్ మూడేళ్ల వారంటీ ఇస్తుంది, ట్రే పీసుకు అమ్మినవాడే దిక్కు.

చివరికి విశాఖలో రిపేరు చేసే కుర్రాడొకడు భూతద్దం పెట్టుకుని పిన్నులు సరిచేసి, తన దగ్గరున్న 12వ తరం ప్రాసెసరుతో బయాస్ ఎక్కించాడు. ఇప్పుడు నడుస్తోంది, వారంటీ మాత్రం పోయినట్టే.

కాబట్టి కౌంటర్ మీదే ప్రాసెసరు, ర్యామ్ పెట్టించి, బయాస్ స్క్రీన్ మీద ప్రాసెసరు పేరు కనిపించాకే డబ్బు ఇవ్వండి. పేరు చివర ఎఫ్ ఉంటే లోపల గ్రాఫిక్స్ ఉండవు, విడిగా కార్డు పెడితేనే డిస్‌ప్లే వస్తుంది. బోర్డు ఎవరి చేతికిచ్చినా ముందు సాకెట్ దగ్గరగా వీడియో తీయండి, వాళ్ల ముఖం, కౌంటర్ కూడా అందులో పడేలా. బిల్లు మీద రెండు సీరియల్ నంబర్లూ ఉండాలి. "బిల్లు వేస్తే 18 శాతం ఎక్కువవుతుంది" అంటే ఆ షాపు వదిలేయండి. బిల్లు ఉండీ వారంటీ ఎగ్గొడితే 1915కి ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులోనూ మాట్లాడతారు.