చూపు లేనివాళ్లు ఈ బ్యాంక్ మాక్ టెస్టుల ప్యాక్ కొనొచ్చా?

బ్యాంక్ పరీక్షలకి ప్రిపేర్ అయ్యేవాళ్లలో చాలామంది ఫోన్లలో ఉండే యాప్ ఇది. పేరు చెప్పను, ఎందుకంటే నేను చూసిన మిగతావీ ఇదే బాపతు, ఒక్కదాన్ని తిట్టి లాభం లేదు. నాకు పూర్తిగా చూపు లేదు, తెర మీద ఉన్నది పైకి చదివి వినిపించే స్క్రీన్ రీడర్లు, ల్యాప్‌టాప్‌లో ఎన్‌వీడీఏ, ఫోన్‌లో టాక్‌బ్యాక్, వాడతాను. ఏడాది ప్యాక్ తీసుకుని వాడాక ఐదుకి రెండు స్టార్లు ఇస్తున్నాను.

ఆ రెండూ ఎందుకో ముందు చెప్పేస్తాను. లాగిన్, ఓటీపీ, పేమెంట్ అన్నీ ఎవరి సాయం లేకుండా అయిపోయాయి. కరెంట్ అఫైర్స్ పేజీలకి హెడ్డింగులు సరిగ్గా పెట్టారు, హెచ్ కీ నొక్కుకుంటూ పోతే ఒక్కో వార్త దగ్గర ఆగుతుంది. టెస్ట్ అయ్యాక ఇచ్చే సొల్యూషన్లు కూడా హాయిగా వినొచ్చు. ముఖ్యంగా పని చెయ్యనిది పరీక్ష రాసే విండో. డబ్బులు కట్టింది దానికోసమే మరి.

ప్రశ్న వరకు బాగానే చదువుతుంది. కింద ఆప్షన్ల మీదకి వస్తే ఎన్‌వీడీఏ "క్లికబుల్" అని ఊరుకుంటుంది. అది రేడియో బటన్ (నాలుగింట్లో ఒక్కటే ఎంచుకునే గుండ్రటి గడి) అని చెప్పదు, నాలుగింట్లో ఎన్నోదో చెప్పదు, ఎంటర్ కొడితే జవాబు పడిందో లేదో అసలే చెప్పదు. చూసేవాళ్లకి ఆ గడి రంగు మారుతుందట. మా తమ్ముడు పక్కన కూర్చుని "అక్కా, సి పడింది" అంటేగానీ నాకు తెలియదు, వాడికేమో రోజూ సాయంత్రం ట్యూషన్. మామూలు హెచ్‌టీఎంఎల్ రేడియో బటన్ పెట్టి ఉంటే ఇవన్నీ బ్రౌజరే చూసుకునేది, అందంగా కనబడాలని సొంతంగా డబ్బాలు గీసుకుని, అవేమిటో, ఎంపికయ్యాయో లేదో స్క్రీన్ రీడర్‌కి చెప్పే ఏర్పాటు మర్చిపోయారు. ఇదేమీ కొత్త డిమాండ్ కాదు, వెబ్‌సైట్ల కోసం ఉన్న అంతర్జాతీయ ప్రమాణం డబ్ల్యూసీఏజీలో 2008 నుంచీ ఉన్న నియమం, అదీ అన్నిటికంటే కింది మెట్టయిన లెవెల్ ఎ లోనే.

పక్కన ప్రశ్నల నంబర్ల పట్టీ ఉంటుంది కదా, రాసినవి ఆకుపచ్చ, వదిలేసినవి ఎరుపు, రివ్యూకి పెట్టుకున్నవి ఊదా. నాకు వినబడేది "1, 2, 3, 4" అంతే. ఏది వదిలేశానో తెలుసుకోవాలంటే మొదటి ప్రశ్న నుంచి మళ్లీ రావాలి. ఇక టైమర్ గురించి చెప్పాలంటే నవ్వాలో ఏడవాలో తెలియదు, ఆప్షన్లు పలకవు గానీ ఇది మాత్రం ప్రతి సెకనూ పలుకుతుంది! ప్రశ్న సగంలో ఉండగా "పన్నెండు నిమిషాల నలభై ఒకటి, పన్నెండు నిమిషాల నలభై" అంటూ అడ్డం పడుతుంది. ఐదు నిమిషాలున్నప్పుడు ఒకసారి, ఒక నిమిషం ఉన్నప్పుడు ఒకసారి చెబితే చాలు, మధ్యలో కావాలంటే మేమే ఒక కీ నొక్కి వింటాం.

అసలు టైమే తప్పు. స్క్రైబ్‌ని, అంటే మన బదులు జవాబులు రాసిపెట్టే మనిషిని, తీసుకునే అర్హత ఉన్నవాళ్లకి గంటకి కనీసం 20 నిమిషాలు అదనంగా ఇవ్వాలని 2018 నాటి కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాల్లో ఉంది. అంటే ప్రిలిమ్స్ 60 నిమిషాలు మాకు 80 అవుతాయి. ఈ యాప్ సెట్టింగుల్లో ఎంత వెతికినా ఆ ఆప్షన్ లేదు, 60కే ఠక్కున సబ్మిట్ అయిపోతుంది. అలా వచ్చిన మార్కులు, ఆలిండియా ర్యాంకు చూసి నా ప్రిపరేషన్ ఎక్కడుందో ఎలా అంచనా వేసుకోను?

డేటా ఇంటర్‌ప్రిటేషన్ సెట్లు మొత్తం బొమ్మలే. బార్ గ్రాఫ్ వస్తే "గ్రాఫిక్" అని, వెనకాల ఏదో ఫైల్ పేరు. ఆల్ట్ టెక్స్ట్ (బొమ్మలో ఏముందో స్క్రీన్ రీడర్‌కి చెప్పే మాటలు) రాస్తే జవాబు చెప్పేసినట్టు అవుతుందని వీళ్ల సపోర్ట్‌లో ఒకాయన వాదించాడు. అక్కర్లేదు బాబూ, గ్రాఫ్‌లో ఉన్న అంకెలే ఒక టేబుల్‌గా ఇవ్వండి, చూసేవాళ్లు కళ్లతో ఏరుకునేది మేము బాణం కీలతో ఏరుకుంటాం, లెక్క ఎలాగూ మేమే చెయ్యాలి. ఎక్స్ స్క్వేర్‌ని "ఎక్స్ 2" అని చదవడం ఇంకో తలనొప్పి, లెక్కల గుర్తుల్ని వెబ్ పేజీలో సరిగ్గా రాసే పద్ధతి మ్యాథ్‌ఎంఎల్‌లో పెడితే అదీ పోతుంది. తెలుగు మెటీరియల్ అని ఇచ్చిన పీడీఎఫ్‌లయితే పాత అను ఫాంట్లలో టైపు చేసినవి, యూనికోడ్ కాదు కాబట్టి తెలుగు బదులు ఇంగ్లిష్ అక్షరాల గోల వినిపిస్తుంది.

మా ఫ్రెండ్‌కి కొద్దిగా చూపుంది, తను జూమ్ చేసి వాడుతుంది. 200 శాతం పెంచగానే "సేవ్ అండ్ నెక్స్ట్" బటన్ స్క్రీన్ బయటికి పోతోందట, లేత బూడిద రంగు అక్షరాలు తెల్లటి నేపథ్యం మీద కనబడవట. మామూలు సైజు అక్షరాలకి, వెనక రంగుకి మధ్య కనీసం 4.5:1 కాంట్రాస్ట్ (వెలుగులో తేడా) ఉండాలని అదే డబ్ల్యూసీఏజీ చెబుతుంది.

కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే "మేడమ్, క్రోమ్ అప్‌డేట్ చేసి ఆప్షన్ మీద మౌస్‌తో క్లిక్ చెయ్యండి" అన్నారు. రెండోసారి మాట్లాడినమ్మాయి మాత్రం ఓపిగ్గా అంతా రాసుకుని టెక్నికల్ టీమ్‌కి పంపింది, ఆ తర్వాత అప్‌డేట్‌లో డార్క్ మోడ్ వచ్చింది. మాకోసమేనేమో! వికలాంగుల హక్కుల చట్టం 2016లోనే వచ్చింది, డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న ఒక కేవైసీ కేసులో చెప్పింది. వీళ్లకి ఇవి చెబితే "ఫీడ్‌బ్యాక్ నోట్ చేసుకున్నాం" అంటారు.

పక్కన చదివిపెట్టే మనిషి రోజూ దొరికితే కొనుక్కోండి, ప్రశ్నల స్థాయి నిజంగా బాగుంది. ఒక్కరే కూర్చుని రాసుకోవాలంటే వద్దు. ముందు ఫ్రీ మాక్ తెరిచి, మౌస్ ముట్టకుండా ట్యాబ్, బాణం, స్పేస్ కీలతోనే ఒక ప్రశ్నకి జవాబు పెట్టి చూడండి, "చెక్డ్" అని వినబడకపోతే అక్కడే ఆపేయండి. డబ్బు కట్టాక రీఫండ్ ఇవ్వరు, ఆ సంగతి నిబంధనల పేజీలో అడుగున ఉంటుంది, అదైతే స్క్రీన్ రీడర్ చక్కగా చదువుతుంది.