రోడ్డు పనుల దగ్గర తాత్కాలిక సిగ్నల్: సుమో లెక్కని ఎంతవరకు నమ్మొచ్చు?

సుమో అంటే ఇక్కడ టాటా బండి కాదు. జర్మనీలోని డీఎల్ఆర్ అనే పరిశోధన సంస్థ తయారుచేసిన, 2001 నుంచి దొరుకుతున్న ఉచిత ట్రాఫిక్ సిమ్యులేటర్, అంటే బండ్ల రాకపోకల్ని కంప్యూటర్లో నడిపి చూపే సాఫ్ట్‌వేర్. శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గరో, విజయనగరం మయూరి జంక్షన్ దగ్గరో కాలువ కోసం సగం రోడ్డు తవ్వితే బండ్లు ఎందాకా ఆగిపోతాయో ముందే చూసుకోవడానికి బాగానే పనికొస్తుంది, రెండు మెలికలు తెలిసుంటే.

సుమోతో వచ్చే వెబ్ విజార్డ్ అనే పనిముట్టుతో మ్యాప్ దించేటప్పుడు 'లెఫ్ట్ హ్యాండ్ ట్రాఫిక్' టిక్కు పెట్టకపోతే బండ్లన్నీ కుడిపక్కనే పోతాయి. లేనుని అడ్డంగా సన్నని పట్టీలుగా చీల్చే 'లేటరల్ రిజల్యూషన్'కి 0.4 మీటర్ల లాంటి చిన్న విలువ ఇస్తేనే బైకులు సందు చూసుకుని దూరుతాయి. ఇవ్వకపోతే ఒకదాని వెనక ఒకటి బుద్ధిగా నిలబడతాయి, మన ఊరే కానట్టు. ఆటోకి పొడవు 2.6, వెడల్పు 1.3 మీటర్లు మనమే రాసుకోవాలి.

లేను మూయడం తేలికే: సుమోలో రోడ్లు దిద్దే పనిముట్టు నెట్ఎడిట్‌లో బండ్లని దారి మళ్లించే రీరూటర్ పెట్టి, ఏ లేను, ఎప్పట్నుంచి ఎప్పటిదాకా అని ఇస్తే చాలు. మొదటి మెలిక ఇక్కడే. మూసిన లేను దగ్గర ఇరుక్కుని 300 సెకన్లు కదలని బండిని సుమో మాయం చేసి ముందెక్కడో తేలుస్తుంది. క్యూ చిన్నదిగా కనిపిస్తుంది, మనం సంబరపడతాం. ఆ గడువుని పెట్టే టైమ్-టు-టెలిపోర్ట్‌ని -1 చేసి చూస్తే అసలు జామ్ బయటపడుతుంది.

రెండో మెలిక ఇంకా ప్రమాదం. ఒకే లేనులో రెండు వైపుల బండ్లనీ వంతులవారీగా వదలాలంటే ఎదురెదురు దారులు రెండూ ఒకదానిమీద ఒకటి గీస్తాం కదా, ఆ రెండు దారుల బండ్లకీ ఒకదాని సంగతి ఒకదానికి తెలియకపోవచ్చు. ఆల్ రెడ్ (రెండు వైపులా ఎర్ర లైటే ఉండే సమయం) తక్కువ పెట్టినా గుద్దుకోకుండా దెయ్యాల్లా ఒకదానిలోంచి ఒకటి దూరిపోవచ్చు. కాబట్టి ఆ లెక్క చేత్తో వేయాల్సిందే. స్టాప్ లైన్ నుంచి స్టాప్ లైన్‌కి 100 మీటర్లు, లోడు ఆటో 15 కిలోమీటర్ల వేగం అనుకుంటే ఆల్ రెడ్ 24 సెకన్లు కావాలి. ఒక్కో వైపు దానికి గ్రీన్ 30, పసుపు 3 కలిపితే రెండు వైపులకీ మొత్తం సైకిల్ 114. అందులో 48 సెకన్లు ఎవరూ బయల్దేరరు! గ్రీన్‌ని 60 చేస్తే ఆ వృథా 42 నుంచి 28 శాతానికి దిగుతుంది గానీ, ఒక్కో వైపు ఆగాల్సింది 81 నుంచి 111 సెకన్లవుతుంది. ఆ క్యూ వెనక జంక్షన్‌ని మూసేస్తుందా లేదా అన్నది మాత్రం సుమో చక్కగా చూపిస్తుంది.

ఎర్ర లైటు పడ్డాకా దూసుకుపోయే బైకులకి 'జేఎం డ్రైవ్ ఆఫ్టర్ రెడ్ టైమ్' 3 సెకన్లు ఇచ్చి, ఆ మూడూ ఆల్ రెడ్‌కి కలపండి. విజార్డ్ తనంతట తాను పుట్టించే ట్రిప్పుల్ని మాత్రం నమ్మొద్దు. సాయంత్రం గంటసేపు వీడియో తీసి లెక్కపెట్టిన బండ్లే ఎక్కించి, సీడ్ (బండ్ల రాకలో యాదృచ్ఛికతని మార్చే అంకె) మార్చి పదిసార్లు నడపండి.