రాత్రికి పిల్లలకు ఏది మేలు: పప్పన్నమా, పెసరట్టా, చపాతీనా?

సాయంత్రం ఆరు దాటితే పిల్లలున్న ఇళ్లలో మొదలయ్యే టెన్షన్ ఒకటే. రాత్రికి ఏం వండాలి? పొద్దున్న అంతా హడావిడి, మధ్యాహ్నం భోజనం స్కూల్లోనో టిఫిన్ బాక్సులోనో అయిపోతుంది. ఇంటిల్లిపాదీ ఒకచోట కూర్చుని వేడివేడిగా తినేది రాత్రి పూటే. ఆ ఒక్క పూటైనా పిల్లలు మారాం చేయకుండా తినాలి, పెద్దలకూ తిన్న తృప్తి ఉండాలి. మన ఇళ్లలో ఎక్కువగా కనిపించేవి మూడు: వేపుడుతో పప్పన్నం, పెసరట్టో దోశో, కూరతో చపాతీ. మూడు నుంచి పదేళ్ల లోపు పిల్లలున్న ఇంటికి వీటిలో ఏది మేలో చూద్దాం.

ముందుగా ఒక మాట. ఏది వండినా అందరికీ ఒకటే వండాలి. పెద్దలకు కూర, పిల్లలకు ప్యాకెట్ నూడుల్స్ అనే పద్ధతి మొదట్లో సుఖంగానే ఉంటుంది. కొన్నాళ్లకు రోజూ రెండు వంటలు తప్పవు, పిల్లవాడికి బీరకాయ ముఖం కూడా తెలియదు. కొత్త కూరగాయ రుచి అలవాటు కావాలంటే పిల్లలకు అది 8, 10 సార్లు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువసార్లు వడ్డించాల్సి వస్తుందని పోషకాహార పరిశోధనలు చెబుతున్నాయి. కంచంలోకే రాని కూర ఎలా అలవాటవుతుంది?

పప్పన్నం

నా ఓటు దీనికే. పిల్లలున్న ఇంట్లో అసలు చిక్కంతా కారం దగ్గరే వస్తుంది. మన భోజనంలో ఆ కారాన్ని విడిగా పెట్టుకునే వీలుంది. ముద్దపప్పు వండితే పిల్లలకు నెయ్యి, అప్పడం; పెద్దలకు అదే పప్పులోకి ఆవకాయ. తాతయ్యకు కారప్పొడి కావాలంటే పక్కన సీసాలో ఉంటుంది. వంట ఒకటే, ఎవరి కంచంలో కారం వారిది. చపాతీ కూరలోనూ, బిర్యానీలోనూ ఈ వెసులుబాటు తక్కువ.

టమాటా పప్పు, పాలకూర పప్పు చేసేటప్పుడు మాత్రం చిన్న జాగ్రత్త కావాలి. మిరపకాయ ఘాటు గింజల్లో ఉంటుందని చాలామంది అనుకుంటారు. నిజానికి గింజలు అంటుకుని ఉండే లోపలి తెల్లటి భాగంలోనే అది ఎక్కువ. పచ్చిమిర్చి చీరి వేస్తే ఆ ఘాటంతా పప్పులోకి దిగుతుంది. అందుకని కుక్కర్లో కందిపప్పు ఒక్కటే ఉడికించి, టమాటాలు విడిగా మగ్గేటప్పుడు పచ్చిమిర్చి గాటు పెట్టకుండా తొడిమతోనే వేయండి. వాసన పడుతుంది, కారం పెద్దగా దిగదు. పప్పు కలిపి మెదపకముందే కాయలు తీసేయాలి. పోపులో ఎండుమిర్చి కూడా తుంచకుండా వేసి, పిల్లలకు వడ్డించేటప్పుడు పక్కకు తప్పించాలి. ఇంత చేసినా నోరు మండిందంటే మంచినీళ్లు ఇవ్వకండి, రెండు చెంచాల పెరుగు పెట్టండి. మిరప ఘాటు నీళ్లలో కరగదు. పాలు, పెరుగులో ఉండే ప్రొటీన్, కొవ్వు దాన్ని తగ్గిస్తాయి.

బలం సంగతికొస్తే, 100 గ్రాముల కందిపప్పులో సుమారు 22 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. బియ్యంలో ఏడెనిమిది గ్రాములే. అయితే బియ్యంలో తక్కువగా ఉండే లైసీన్ అనే అమైనో ఆమ్లం (ప్రొటీన్‌లో ఒక భాగం) పప్పులో బాగా ఉంటుంది, పప్పులో తక్కువైన మరో అమైనో ఆమ్లం మెథియోనిన్‌ను బియ్యం పూరిస్తుంది. కాబట్టి "ఉత్త పప్పన్నమే పెట్టాను" అని ఏ అమ్మా నొచ్చుకోనక్కర్లేదు. ఆకుకూర పప్పయితే చివర్లో నాలుగు చుక్కల నిమ్మరసం పిండండి. ఆకులోని ఇనుము ఒంటికి పట్టడానికి విటమిన్ సి సాయపడుతుంది.

పప్పన్నం మెత్తగా ఉంటుంది కాబట్టి పక్కన కరకరలాడేది ఏదో ఒకటి లేకపోతే పిల్లలకు నాలుగో ముద్దకే విసుగొస్తుంది. బెండకాయ వేపుడు దీనికి సరైన జోడీ. కొన విరిస్తే టక్కున విరిగే లేత కాయలు తీసుకోండి. కడిగి, గుడ్డతో తడి పూర్తిగా తుడిచాకే తరగాలి. వెడల్పాటి మూకుడులో నూనె బాగా కాగాక ముక్కలు వేసి, మూత పెట్టకుండా, మాటిమాటికీ కలపకుండా వేగనివ్వాలి. ఉప్పు ముందే వేస్తే ముక్కల్లోంచి నీరూరి జిగురు సాగుతుంది, అందుకే చివర్లో వేయాలి. వేగాక పిల్లల వాటా పక్కకు తీసి, మిగిలిన దానిలో పెద్దలకు వెల్లుల్లి కారం చల్లితే సరి. ఆ కరకరలాడే ముక్కల్ని పిల్లలు అన్నంలోకి ఉంచరు, చేత్తోనే ఏరుకుని తినేస్తారు. తిననివ్వండి.

అన్నం, పప్పు ఒకే కుక్కర్లో గిన్నెల్లో పెడితే, అవి ఉడికేలోపు వేపుడూ అయిపోతుంది. ముప్పావుగంటలో అందరూ కంచాల ముందు ఉండొచ్చు.

పెసరట్టు, దోశ

పిల్లల్ని అడిగితే వాళ్ల ఓటు దీనికే పడుతుంది, అందులో అనుమానం లేదు. చేత్తో తుంచుకుని తినొచ్చు, అంచు కరకరలాడుతుంది. అయితే రాత్రి పూటకు ఈ రెండింటిలో నేను పెసరట్టునే ఎంచుకుంటాను. దోశ పిండిలో మూడు వంతులు బియ్యమైతే మినపప్పు ఒక వంతు. పెసరట్టులో దాదాపు అంతా పెసలే, కరకర కోసం గుప్పెడు బియ్యం కలుపుతాం. పైగా పిండి పులవాల్సిన పని లేదు. పొద్దున్న ఆఫీసుకు వెళ్లేముందు పెసలు నానబోస్తే సాయంత్రం రుబ్బి వెంటనే పోసుకోవచ్చు. చలికాలంలో దోశ పిండి పులవక తంటాలు పడే అమెరికాలోని మన వాళ్లకు ఇది మరీ అనువు. రుబ్బేటప్పుడు అల్లం, పచ్చిమిర్చి తగ్గించి, తురిమిన క్యారెట్ కలపొచ్చు. పిల్లలకు అల్లం పచ్చడి ఘాటెక్కువ, కొబ్బరి చట్నీ చాలు.

దీనికున్న లోటు ఒకటే, కానీ అది చిన్నది కాదు. అట్లు ఒక్కొక్కటే పోయాలి. పిల్లలు తినేటప్పుడు అమ్మ పొయ్యి దగ్గరే నిలబడుతుంది, అమ్మ తినే వేళకు పిల్లలు చేతులు కడిగేసుకుంటారు. రాత్రి భోజనం ఇంటిల్లిపాదీ కలిసి తినాలనుకుంటే ఇది రోజూ కుదిరే పని కాదు. రెండు పెనాలు పెట్టి, నాన్న ఒక పెనం చూసుకుంటే కొంత నయం. అందుకే దీన్ని తీరుబడి ఉన్న శని, ఆదివారాలకు ఉంచడం మంచిది.

చపాతీ

మన ఇళ్లలో రాత్రి చపాతీ చాలావరకు పెద్దల షుగర్ కోసమో, బరువు తగ్గడం కోసమో మొదలవుతుంది. పిల్లలు దాంట్లోకి ఊరికే వచ్చి పడతారు. ఎదిగే పిల్లలకు అన్నం మానిపించాల్సిన కారణం నాకైతే కనిపించదు. పిండి కలపాలి, ఓ ఇరవై నిమిషాలు నాననివ్వాలి, ఒత్తాలి, కాల్చాలి. చల్లారితే గట్టిపడుతుంది, చిన్న పళ్లకు నమలడం కష్టం. కోడిగుడ్డు పొరటు పెట్టి చుట్టలా చుట్టిస్తే మాత్రం పిల్లలు మహా ఇష్టంగా తింటారు, ఒక్క గుడ్డులోనే సుమారు 6 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది కాబట్టి అది మంచి భోజనమే.

ఇంతకీ వారమంతా ఎలా సర్దుకోవాలి? పనిదినాల్లో ఎక్కువ రోజులు పప్పన్నమే, పప్పులో వేసే కూరే మారుతుంది: ఒకరోజు దోసకాయ, ఒకరోజు తోటకూర, ఇంకోరోజు సొరకాయ. వారాంతంలో ఒక రాత్రి పెసరట్టు. వడ్డించాక మాత్రం బతిమాలొద్దు, బెదిరించొద్దు. ఏం పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి అన్నది పెద్దల పని, ఎంత తినాలన్నది పిల్లల పని అని అమెరికా పోషకాహార నిపుణురాలు ఎలిన్ సాటర్ చెప్పిన పద్ధతి మన కంచాల దగ్గరా పనిచేస్తుంది. ఈ రాత్రి తక్కువ తిన్న పిల్లవాడు రేపు పొద్దున్న ఇడ్లీ ఇంకొకటి అడుగుతాడు.

చపాతీకి పప్పు మిగిలిన మర్నాడు సరైన రోజు. గట్టి పప్పును రాత్రే ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు నీళ్లకు బదులు ఆ పప్పుతోనే గోధుమపిండి కలపండి. కొత్తిమీర, చిటికెడు వాము వేసి, కాస్త మందంగా ఒత్తి నెయ్యితో కాల్చండి. మామూలు చపాతీ కంటే మెత్తగా వస్తుంది, చల్లారినా తొందరగా గట్టిపడదు. పక్కన గడ్డ పెరుగుంటే వేరే కూర అక్కర్లేదు.